చివరి బండి వచ్చేదాకా

మా క్లబ్బులో అతన్ని అందరికన్నా వెనక్కి నెట్టింది అతని బండి పొగే. మావన్నీ పాత జపాన్ బళ్ళు. ఎక్కువభాగం పెట్రోలులో నూనె కలిపి పోయాల్సిన రకం. కాబట్టి అందరి బళ్ళూ కాస్తో కూస్తో పొగ వదిలేవే. అతనిది మాత్రం మునిసిపాలిటీవాళ్ళు దోమలకి పట్టే పొగ. కొలత ప్రకారం నూనె పొయ్యడానికి అతనికి మనసొప్పేది కాదు. "మీ తీరుగ నేను బండిని పస్తులుంచనే. కడుపు నిండ పోస్త," అనేవాడు. అతని వెనక నడిపినవాడు ఇంటికెళ్ళి ముక్కు చీదితే మసి వచ్చేది. చివరికి అందరం కలిసి దండం పెట్టి, నువ్వు వెనకుండు నాయనా అన్నాం.

అతనేమీ నొచ్చుకోలేదు. "ఎనకుంటే ఏమైతది తమ్మీ? మీ అందరి ఈపులు నాకే కనవడతయ్. ఎవడు సక్కగ కూసున్నడో, ఎవడు నిద్రవోతున్నడో అంత ఎర్కైతది."

అతనిది జగిత్యాల వైపు పల్లె. సూరత్‌లోని భేస్తాన్‌లో ఉంటూ, మరమగ్గాలు బాగుచేసే పని చేసేవాడు. నాది తెనాలి దగ్గర, ఉద్యోగం సూరత్ పక్కన హజీరాలో. క్లబ్బు మొత్తంలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. మొదట్లో నన్ను సారూ అనేవాడు. ఆదివారం పూట కూడా నన్ను ఆఫీసులో కూర్చోబెట్టకు అని కసురుకున్నాక తమ్ముణ్ణయ్యాను. నా మాటతీరు మీద అతనికి తగని సరదా. పొద్దున చలికి నా బండి స్టార్టు కాకపోతే పక్కన నిలబడి, "అండీ అని పిల్వు తమ్మీ, మీ దిక్కు బండికి గూడ మర్యాద కావాలె గద," అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. బండి మాత్రం అతను తన్నితేనే లేచేది.

ముందు బండి పెద్దాయనది. బ్యాంకులో రిటైరైన గుజరాతీ. ఆయన పెట్టిన నియమాల్లో, టైముకి రావడంతో సహా, మేం దేన్నీ పాటించలేదు, ఒక్కటి తప్ప. మలుపు వచ్చినప్పుడు ఆయన వెనకున్న రెండో బండి అక్కడ ఆగిపోవాలి. చెయ్యి చాచి, వచ్చేవాళ్ళకి దారి చూపిస్తూ నిలబడాలి. అందరూ దాటిపోయి, చివరి బండి కంటబడ్డాకే కదలాలి. వానొచ్చినా, కుక్కలు తరిమినా, అది కనబడకుండా మలుపు వదలకూడదు. ఈ పద్ధతి వల్ల మాలో ఎవరూ ఎప్పుడూ దారి తప్పలేదు.

చేరాల్సిన చోటికి చేరాక కూడా అంతే. చివరి బండి రానిదే పెద్దాయన చాయ్ పొయ్యనిచ్చేవాడు కాదు. మలుపు దగ్గర నిలబడ్డవాడు కాస్త ముందొస్తాడు కదా, అతన్ని అడిగేవాడు. "ఛేల్లో?" చివరివాడేడీ అని. వస్తున్నాడు అని చెప్పాలి. అంతలో రోడ్డు మలుపులో పొగ, దాని వెనక చప్పుడు, దాని వెనక పళ్ళికిలిస్తూ అతను. అప్పుడు పెద్దాయన చాయ్‌వాడి వైపు తిరిగి, "ఆవీ గయో! చా ఆపో!" అని కేకపెట్టేవాడు. వచ్చేశాడు, ఇక చాయ్ ఇవ్వు అని.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. అతని వాడలో సగం గదులకి తాళాలు పడ్డాయి. అతను మాత్రం ఊరికి పోలేదు. బళ్ళు మూలపడితే చెడిపోతాయని పెద్దాయన ఒక ఉపాయం చెప్పాడు. ఆదివారం పొద్దున బయల్దేరే వేళకి అందరం ఫోన్లో వీడియో పెట్టుకుని, ఎవరి ఇంటి కింద వాళ్ళం, వరసలో బళ్ళు స్టార్టు చెయ్యాలి. ముందు పెద్దాయన, తర్వాత మేం, ఆఖరున అతను. పొగలో అతని మొహం కనబడేది కాదు. పైనుంచి వదిన తిట్లు మాత్రం స్పష్టంగా వినిపించేవి. నా జన్మలో అంత పిచ్చిపని చెయ్యలేదు. ఆ ఆదివారాల కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

కరోనా రెండో విడత అలా నవ్వుకోనివ్వలేదు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "తమ్మీ, ట్యాంకు మూత తీసి ముక్కు వెట్టిన. పెట్రోలు వాసనొస్తలేదు," అన్నాడు.

"జలుబేమో అన్నా," అన్నాను.

"జలుబైతే గిట్లుండది. నూనె డబ్బా గూడ సూసిన. ఏం లేదు. నీళ్ళ తీరుగున్నది." నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "నా పొగ నాకే తెలుస్తలేదంటే ఇగ జూడు."

తర్వాత ఆసుపత్రిలో మంచం దొరికింది. ఆక్సిజన్ పెట్టారు. వదినని లోపలికి రానివ్వలేదు. మొదట్లో బొటనవేలు పైకెత్తిన ఫొటో ఒకటి పంపాడు. ఆ తర్వాత నేను పంపిన వాటికి జవాబుల్లేవు. ఒక పొద్దున వదిన ఫోన్ చేసి, "మీ అన్న లేడయ్యా," అంది. మా ఆవిడ ఎవరని అడిగితే ఫోన్ ఆమె చేతికిచ్చి బాల్కనీలోకి పోయాను. ఆసుపత్రినుంచి అటే శ్మశానానికి తీసుకుపోయారు. మాలో ఎవరం చూడలేదు. గ్రూపులో వరసగా దండాల బొమ్మలు పడ్డాయి. నాకు కోపం వచ్చి ఫోన్ విసిరికొట్టాను. దండాలు పెట్టినవాళ్ళ మీద కాదు. ఎవరి మీదో నాకిప్పటికీ తెలియదు. ఆఫీసులో చెప్పలేదు, మా అమ్మకి చెప్పలేదు. ఆ మాట నా నోటితో అననే లేదు. వదిన జగిత్యాల వెళ్ళిపోయింది, బండినీ లారీలో పంపించారు.

చలి మొదలయ్యాక పెద్దాయన మళ్ళీ పిలిచాడు. దాండీ సముద్రం దాకా వెళ్ళొద్దామన్నాడు. మాస్కులు కట్టుకుని అందరం వచ్చాం. ఎవరూ అతని ఊసెత్తలేదు. ఎత్తితే ఎవరు ముందు ఏడుస్తారోనని అందరికీ భయం. అలా ఎవరూ ఎత్తకపోవడం వల్లనే, ఇక చివర ఎవరు నడపాలన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

రెండో బండి నాది. మరోలి చార్ రస్తాలో, నాలుగు రోడ్లు కలిసేచోట, పెద్దాయన కుడివైపు తిరిగాడు, నేను ఆగాను. ఇంజను ఆపి చెయ్యి చాచి నిలబడ్డాను. మావాళ్ళు ఒక్కొక్కరే తలూపుతూ దాటిపోయారు. బళ్ళ చప్పుడు దూరమైంది.

నేను సూరత్ రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాను.

మరిచిపోయానని కాదు. తెలుసు. తెలిసీ కాలు కదల్లేదు. చివరి బండి కనబడకుండా మలుపు వదలకూడదు, అంతే. ఒకచోట పొగ లేచింది. మునివేళ్ళ మీద లేచి చూశాను. చెరకు ట్రాక్టరు. దాన్ని నడిపేవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను, పాపం, నన్నే దారి అడగబోయాడు. చాచిన చెయ్యి లాగడం మొదలుపెట్టింది. దించితే అతన్ని నేనే వదిలేసినట్టవుతుందని దించలేదు. ఫోన్ మోగింది, తియ్యలేదు. ఎండ మొహం మీదికొచ్చింది. అప్పుడు నడిరోడ్డు పక్కన, హెల్మెట్టులోనే, గట్టిగా ఏడ్చాను. ఆ తర్వాతే చెయ్యి దించి బండి తన్నాను. మొదటి తాపుకి లేవలేదు. "లేవండీ," అన్నాను.

దాండీలో చాయ్ కొట్టు ముందు అందరూ నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలోనూ గ్లాసు లేదు. చాయ్ గిన్నెలోనే మరుగుతోంది. నా బండి చప్పుడుకి అందరూ రోడ్డు వైపు తిరిగారు, నన్ను దాటి నా వెనక్కి చూశారు.

పెద్దాయన అలవాటు కొద్దీ అడిగేశాడు. "ఛేల్లో?"

అడిగాక ఆయన మొహం పాలిపోయింది.

"రాడు," అన్నాను. తెలుగులోనే వచ్చింది. ఆ మాట తెలిసినవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు. అయినా అందరూ తలలు దించుకున్నారు. "ఇక రాడు."

పెద్దాయన చాయ్‌వాడి వైపు చూసి తలూపాడు. కేక పెట్టలేదు.