లాడ్జిలో నేను చెప్పిన చాడీ

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, ఒకామె పొట్ట కొట్టబోయాను.

తొంభైల చివర్లో మా చిన్నాన్నకు మాదాపూర్‌లో కొత్తగా లేచిన కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పట్నం చూపిస్తా రమ్మంటే కడప నుంచి అమ్మ, నాన్న, అవ్వ, నేను, ఐదు నెలల తమ్ముడు బయల్దేరాం. చిన్నాన్న నలుగురు స్నేహితులతో ఒకే గదిలో ఉండేవాడు కాబట్టి మేం లాడ్జిలో దిగాలి. ఆయన ఆఫీసుకు దగ్గరని నాన్న ఒక కొత్త లాడ్జికి తీసుకుపోయాడు. లిఫ్టు ఉంది. గదికొక కలర్ టీవీ ఉందని కౌంటరులో మేనేజరు చెప్పగానే నాకు ఇంకే లాడ్జీ వద్దనిపించింది.

మా అవ్వ మాత్రం పెట్టె కింద పెట్టనివ్వలేదు. గది చూస్తానని మెట్లెక్కితే నేనూ వెంటపోయాను. కుళాయి తిప్పింది, పరుపు ఒత్తింది, కిటికీ రెక్క మీద వేలితో గీసి అంటిన తెల్లటి దుమ్ము చూసింది. వరండాలో నేల తుడుస్తున్న ఒకామెను పిలిచి, "చంటిబిడ్డ ఉండాడు తల్లీ. ఈడ దిగొచ్చా?" అని అడిగింది.

ఆమె మెట్ల వైపు చూసి గొంతు తగ్గించింది. "వద్దవ్వా. ఎన్క బండలు పేలుస్తున్నరు. దినాం రెండు మూడు సార్లు. పిల్లగాడు జడుసుకుంటడు. దుమ్ముకు మాకే దగ్గొస్తున్నది."

వేరే చోటు చూద్దామంది అవ్వ. నాకు ఒళ్లు మండిపోయింది. అవ్వ మీద, ఆ తుడిచే ఆమె మీద, తమ్ముడి మీద కూడా. వాడు పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఏం చేసినా వాడి కోసమే. దబదబా మెట్లు దిగి మేనేజరు దగ్గరికి పోయి, "మేం పోతున్నాం. బండలు పేలుస్తారని పైన తుడిచే ఆమె చెప్పింది" అనేశాను. తెలియక చెప్పలేదు. ఆమెను తిడతాడనే చెప్పాను.

ఆయన ఆమెను కిందికి పిలిచి అందరి ముందూ అరిచాడు. "గిరాకీ చెడగొడతవా? రేపటి సంది రాకు." ఆమె నా వైపు ఒక్కసారి చూసింది, అంతే. నాన్న సంచీ భుజాన వేసుకుని, ఆమె వెనకే దిగొచ్చిన అవ్వతో "మనకెందుకమ్మా, పోదాం రా" అన్నాడు. ఆ మాట అన్నందుకు నాన్న మీద నాకిప్పటికీ కోపమే.

అవ్వ కదల్లేదు. తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని కౌంటరు ఎదుట సోఫాలో కూర్చుంది. "ఆ యమ్మ చెప్పింది అబద్ధమా? ముందు అది చెప్పు. ఉన్నమాట చెప్పిందని పంపించేస్తావా? నేనీడనే కూచుంటా. బిడ్డల్నెత్తుకుని వచ్చే ప్రతి తల్లికీ నేనే చెప్తా."

మేనేజరు నవ్వాడు. కాసేపటికి ఇద్దరు పిల్లలతో ఒక కుటుంబం వచ్చింది. అవ్వ నిజంగానే లేచి చెప్పింది. వాళ్లు వచ్చిన దారినే పోయారు. బయట ఇంకో ఆటో ఆగేసరికి ఆయన నవ్వు ఎగిరిపోయింది. "సరే, ఉండనీ ఆమెను. ఇగ మీరు పోండ్రి" అన్నాడు.

"నాకు కాదు, ఆ యమ్మకు చెప్పు."

చెప్పాడు. ఆమె బకెట్ ఎత్తుకుని మెట్లెక్కింది. నా వైపు చూడలేదు.

ఆటోలో అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది కానీ ఆమె గొంతులో జాలి లేదు. "నాతో కొట్లాడొచ్చు కదే. నేను నీ అవ్వను, పడతా. తిరిగి ఒక్క మాట అనలేని మనిషి మీద తీర్చుకుంటివే నీ కోపం!"

కాచిగూడ దగ్గర ఒక పాత లాడ్జిలో దిగాం. తమ్ముడు హాయిగా నిద్రపోయాడు.

కోపం నాకు ఈనాటికీ ఎక్కువే. ఆఫీసులో పైవాళ్లతో, ఇంట్లో మొగుడితో గట్టిగానే కొట్లాడతాను. కానీ ఎదురుగా ఉన్నది తిరిగి ఒక మాట అనలేని మనిషైతే పళ్లు బిగించి పక్కకు పోతాను. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ నన్ను ఎప్పుడో క్షమించేసింది. ఆ తొమ్మిదేళ్ల పిల్ల మీద నా కోపం మాత్రం చల్లారలేదు. చల్లారనివ్వను కూడా.