పిక్క మీద రెండో గీత

నేను చెప్పబోయేది కల కాదు. జ్వరంలో పలవరింత అంతకంటే కాదు... ఆ రాత్రి దవాఖానలో సిస్టర్ కొలిచి చూసింది, జ్వరం లేదు. మా ఇంట్లో గొప్ప కోసం చాలా చేశారు గానీ, కట్టుకథ చెప్పి ఎవరినీ భయపెట్టలేదు. నమ్మనివాళ్ళు నా కుడి పిక్క చూడండి. గీత ఇంకా లీలగా ఉంది.

మాది గద్వాల. మా తాతగారి కాలంలో వాకిట్లోకి వచ్చినవాడు ఊరికే దండం పెట్టి ఊరుకునేవాడు కాదు. వంగి, ఆయన పాదాన్ని కళ్ళకు అద్దుకునేవాడు. ఆయన "చాలు, లే" అనాలి. అనేదాకా లేవకూడదు. ఆ గడీ, ఆ భూములు, ఆ మనుషులు... ఇప్పుడేవీ లేవు. నాకు మిగిలింది ఈ నిటారు వెన్ను ఒక్కటే. జనం గర్వం అనుకుంటారు. నిజానికి అది జబ్బు. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నేను వంగలేను. నా అరికాలు నేను చూసుకుని ఏళ్ళయింది.

పైగా షుగర్. కుడికాలికి మోకాలి కింద స్పర్శ పోయింది. మడమలో మేకు దిగినా తెలియదు. దిగింది... తెలియలేదు. కాలు కాస్త చూడమని ఎవరినీ అడగలేదు. అడగడం మాకు అలవాటు లేదు.

వనపర్తిలో ఒక దవాఖానలో ఇలాంటి కాళ్ళ మీద పరిశోధన జరుగుతోందంటే చేరాను. కొందరి పుండ్లకు కొత్త మందుపట్టీ, కొందరికి పాతది. ఎవరికి ఏది కట్టారో మాకూ తెలియదు, కట్టే డాక్టరమ్మకూ తెలియదు. అది వాళ్ళ పద్ధతి. అప్పుడప్పుడూ ఆమె నన్ను కళ్ళు మూసుకోమనేది. సన్నని నైలాన్ దారం పాదానికి ఆనించి, "తగిలితే చెప్పండి" అనేది. నేను ఒక్కసారీ చెప్పింది లేదు.

ఆ సాయంత్రం మడమ దగ్గరి ఎర్రదనం పిక్కదాకా పాకింది. డాక్టరమ్మ దాని అంచు వెంబడి నల్ల మార్కరుతో కాలి చుట్టూ గీత గీసింది. పక్కన టైము వేసింది.

"పొద్దున పెద్ద డాక్టరుగారు వచ్చి చూస్తారు. గీత దగ్గరే ఆగితే మందులతో నెట్టుకొద్దాం. పైకి పాకుతూనే ఉంటే..."

"ఉంటే?"

"కాలు తీయక తప్పదండీ. లేకపోతే ప్రాణానికే ముప్పు."

పక్క మంచం మీద చెన్నయ్య కిసుక్కున నవ్వాడు. ఆత్మకూరు మనిషి. బొంబాయికి కూలిపనికి పోయి, కడుతున్న భవనం మీంచి పడ్డాడు. తొడ ఎముకకు ఇనుప కడ్డీలు బిగించి, కాలు పైకి కట్టారు. పక్కకు ఒత్తిగిలలేడు.

"ఏంది దొరా, కాలికి గెట్టు పెట్టిండ్రా? మీ భూములకు పెట్టిన గెట్లే ఆగలే. గిది ఆగుతదా?"

"నోరు మూసుకో చెన్నయ్యా."

"పరేషాన్ గాకుండ్రి. పోతే ఒక్కటే గద. నాకు రెండున్నా ఏం నడుస్తున్న?"

నాకు నవ్వు రాలేదు. ఒంటికాలి మీద, ఇంకొకరి భుజం పట్టుకుని గద్వాల వీధిలో నడవడం... నా వల్ల కాదు.

సిస్టర్ మేరమ్మ లైట్లు తీసేసింది. "పండుకోండ్రి సార్. గా రూముల్నే ఉంట. ఏమన్న అయితే గంట కొట్టుండ్రి."

చీకటి. మేరమ్మ గదిలోంచి సన్నని వెలుగు. ఫ్యాను తిరుగుతోంది. టక్... టక్... టక్.

కాళ్ళ వైపు మంచం కిర్రుమంది. ఎవరో కూర్చుంటే పరుపు దిగుతుందే... అలా దిగింది. సిస్టర్ అనుకున్నాను. తలెత్తి చూద్దామంటే నా మెడ వంగదు. పైకప్పు తప్ప ఏమీ కనబడలేదు.

అప్పుడు... తగిలింది.

అరికాలికి.

ఏళ్ళ తరబడి ఏమీ తెలియని అరికాలికి. పట్టీ మడమకే ఉంది, ముందు భాగం ఖాళీ. అక్కడ, వేళ్ళ కింద, రెండు చోట్ల. మెత్తగా. తడిగా. రెండూ ఒకేసారి కదిలాయి. మూసుకున్నాయి... మెల్లగా తెరుచుకున్నాయి. సన్నని వెంట్రుకలు చర్మానికి రాసుకున్నాయి.

కనురెప్పలు.

గంట నా చేతి పక్కనే ఉంది. చెయ్యి లేవలేదు. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"చాలు... లే."

కనురెప్పలు వదిలాయి. కానీ పరుపు మీది బరువు పోలేదు. పైకి జరిగింది. పిక్క మీద చల్లటి మొన ఒకటి ఆనింది. తీరుబడిగా, కాలి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పిక్క పరుపుకు ఒత్తుకుని ఉన్న చోట కూడా... అది ఆగలేదు. కిందనుంచి వెళ్ళి, అటువైపు వచ్చి, మొదలుపెట్టిన చోటే కలిసింది.

తరువాత ఫ్యాను చప్పుడు ఒక్కటే. టక్... టక్.

పొద్దున పెద్ద డాక్టరు దుప్పటి తీశాడు. "రెండు గీతలేమిటి?"

ఎర్రదనం మొదటి గీత దాటింది. దానికి బెత్తెడు పైన ఇంకో గీత. సన్నగా, ముదురు గోధుమరంగులో. పక్కన టైము లేదు. ఎర్రదనం సరిగ్గా అక్కడ ఆగింది.

"నేను ఒక్కటే గీశాను సార్" అంది డాక్టరమ్మ.

"నేనైతే గియ్యలే. యేసు మీద ఒట్టు" అంది మేరమ్మ.

ఆయన విసుక్కున్నాడు. రెండో గీతను పట్టుకునే సాయంత్రందాకా చూద్దామన్నాడు. సాయంత్రానికి దాటలేదు. మర్నాటికి వెనక్కి తగ్గింది. అలా నా కాలు మిగిలింది. పట్టీ గుణమో, ఇంకేమిటో... నాకు ఏ పట్టీ కట్టారో ఇప్పటికీ చెప్పలేదు.

ఆ రోజంతా చెన్నయ్య ఒక్క హాస్యమూ ఆడలేదు. చీకటి పడుతుండగా అడిగాడు. "దొరా, మీకు వంగరాదంటిరి గద?"

"రాదు."

"మరి రాత్రి గట్ల ఎట్ల వంగిండ్రు?"

"ఎవరు?"

"మీరే. మంచం మీద కూసోని, మీ కాలు మీ కండ్లకు ఆనిచ్చుకున్నరు. శానసేపు. నవ్వుదామనుకున్న..." గొంతు తగ్గించాడు. "గని తలగడ దిక్కు చూస్తె, ఆడ గూడ మీరే పండుకోని ఉంటిరి."

తరువాత మేరమ్మను పిలిచి, తన మంచం జర అవతలికి జరపమన్నాడు.

పుండు మానింది. మొన్న మళ్ళీ పరీక్షకు వెళ్ళాను. డాక్టరమ్మ ఎప్పటిలాగే కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాను.

"తగిలింది" అన్నాను.

అప్పుడే ఆమె డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"నేనింకా దారం తీయనే లేదండీ."

నేను కళ్ళు తెరవలేదు. వేళ్ళ కింద, తడిగా, మూసుకుంటూ తెరుచుకుంటూ... అది అక్కడే ఉంది. ఎదురుచూస్తోంది. "చాలు, లే" అని ఒక్క మాటంటే లేస్తుంది, నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది, పళ్ళు బిగించి ఆపుకున్నాను. లేచి ఈసారి ఎంత పైన గీత గీస్తుందో...

ఇప్పటికీ అనలేదు.