నేను చెరిపేసిన పలకరింపు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోనులో పాతకాలపు చప్పుళ్ళంటూ ఏదో వీడియో పెట్టుకుని నవ్వుకుంటోంది. టైపు మిషను, రేడియో గరగర అయ్యాక ఉన్నట్టుండి, ఫోను లైను మీద కంప్యూటర్లను కలిపే పాత మోడెం కూత వినిపించింది. ముందు టకటకా అంకెలు నొక్కిన చప్పుడు, తరువాత కీచుమని ఒక అరుపు, దాని వెనకే బుస్సుమని హోరు. "ఆపవే ఆ గోల!" అని కసిరాను. పిల్ల బిత్తరపోయి చూసింది. దానికేం తెలుసు పాపం! ఆ కూత వింటే నాకు ప్రభుదాసు మాస్టారు గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం పుడుతుంది.

మాస్టారిది దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పల్లె. చాలా ఏళ్ళు ప్రైవేటు బడుల్లో లెక్కలు చెప్పి, నలభై దాటాక తనంతట తానే పుస్తకాలు చదివి కంప్యూటరు నేర్చుకున్నారు. బందరులో వలలూ నైలాను తాళ్ళూ అమ్మే కొట్టు మీద రెండు గదులు తీసుకుని, నాలుగు కంప్యూటర్లతో ఇన్‌స్టిట్యూటు పెట్టారు. నేను అత్తెసరు మార్కులతో డిగ్రీ గట్టెక్కి, ఇంట్లో సాధింపులు పడలేక, గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చి ఆయన దగ్గర నేర్చుకునేదాన్ని. హైదరాబాదు వెళ్ళిన సాఫ్ట్‌వేరు వాళ్ళే ఉద్యోగాలు పోయి తిరిగొస్తున్న రోజులవి. ఒక్కొక్కరే మానేసి, చివరికి మొండిగా మిగిలినదాన్ని నేనే. అప్పటినుంచి ఆయన పనిలో నాకూ సగం ఇచ్చేవారు.

"సర్వరంటే ఏవిటమ్మాయ్?" అని అడిగారు ఒకరోజు.

"పెద్ద కంప్యూటరండీ."

"నీ మొహం! ఈ డొక్కు డబ్బా కూడా సర్వరే అవుద్ది. ఇంట్లో ఉన్న మనిషి సర్వరు, బయట్నుంచి వచ్చేవాడు క్లయింటు. మన వీధి తలుపు ఏదో ముందు చెప్పుకోవాలి, అది బైండు. ఎవరన్నా పిలుస్తున్నారేమోనని చెవి అటేసి ఉంచాలి, అది లిజన్. వచ్చినవాణ్ణి లోపలికి రమ్మనాలి, అది యాక్సెప్టు. ఇంతేగా!"

"వచ్చాక ముందు ఎవరు మాట్లాడాలండీ?"

"అదేం ప్రశ్నమ్మా! గడప తొక్కినవాణ్ణి నిలబెట్టి, నువ్వే మొదలెట్టు అని చూస్తూ కూర్చుంటావా ఏంటి? ఇంటివాళ్ళే పలకరించాలి."

అందుకే ఆయన సర్వరు ఏది రాసినా, ఎవరైనా కనెక్టు కాగానే ఇంగ్లీషు అక్షరాల్లో 'రండి, కూర్చోండి' అని పంపేది. అది చూసి మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన మాత్రం నవ్వలేదు. ప్రోగ్రాం కారణం లేకుండా ఆగదమ్మా, ఆగిందంటే ఎక్కడో మనం చేసిన తప్పు ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరికి తీరుతుంది అనేవారు. ఆ నమ్మకమే ఆయన్ని నడిపించేది. కోప్పడడం తెలియని ఆ మనిషి నాకు చదువు మీద భయం పోగొట్టారు.

అలాంటి రోజుల్లో బంటుమిల్లిలో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది. వాళ్ళ బ్రాంచీల నుంచి రోజువారీ సరుకు వివరాలు ఫోను లైను మీద బందరు ఆఫీసుకు చేరాలి. "ఇది కుదిరితే మన ఇన్‌స్టిట్యూటు నిలబడుద్ది. లేకపోతే తాళమే" అన్నారు మాస్టారు. నెల రోజులు కూర్చుని రాశాం. వచ్చే కనెక్షన్లను అందుకునే సర్వరు భాగం నాకు అప్పజెప్పారు, అటునుంచి పిలిచే క్లయింటు ఆయన రాసుకున్నారు. చూపించాల్సిన రోజు ఆయన భార్య కాంతమ్మగారు ప్రార్థన చేసి పంపితే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫ్లాపీలు సంచిలో పెట్టుకుని బంటుమిల్లి బస్సెక్కారు. సర్వరు దగ్గర నేను బందరులోనే ఉన్నాను.

ఒంటరిగా కూర్చుని ఆఖరిసారి నా ప్రోగ్రాం చూసుకుంటుంటే ఆ 'రండి, కూర్చోండి' కంట్లో నలుసులా తగిలింది. కంపెనీ యజమాని కొడుకు ఇంజనీరింగు చదివాడని విన్నాను. పెద్ద కంపెనీ వాళ్ళ ముందు ఈ పల్లెటూరి మర్యాదలేమిటి, నవ్విపోరూ అనిపించింది. ఆ లైను తీసేశాను. ఎంత పొగరు నాకు! మాస్టారి క్లయింటు ఏం చేస్తుందో తిరగేసి చూడనైనా చూడలేదు.

అనుకున్న వేళకు మోడెం కూసింది. కనెక్షన్ వచ్చినట్టు తెర మీద పడింది. ఆ తరువాత ఏమీ లేదు. ఒక్క అక్షరం రాలేదు. చాలాసేపటికి లైను తెగింది. వెంటనే కింద కొట్లో ఫోను మోగింది. నన్నే పిలిచారు.

"అమ్మాయ్, అటు అంతా సరిగ్గానే ఉందా?" మాస్టారి గొంతు. వెనక ఎవరో విసుక్కుంటున్నారు.

"ఉందండీ. మీరు కనెక్టయినట్టు కూడా చూపించిందండీ."

"నువ్వేవన్నా మార్చావా?"

"లేదండీ. నేనేం మార్చలేదు."

భయంతో నోటికొచ్చిన మాట అది. పైకి వచ్చేసరికి మోడెం మళ్ళీ కూసింది, మళ్ళీ అదే మౌనం. అప్పుడు ఆయన బల్ల మీది కాగితాలు లాక్కుని చూశాను. ఆయన క్లయింటు చేసే మొదటి పని, సర్వరు పలకరింపు కోసం ఆగడం. పలకరించాకే నోరు విప్పుతుంది. నా సర్వరేమో వచ్చినవాళ్ళు చెప్పేదాకా ఆగుతోంది. అటూ ఇటూ మర్యాదగా ఒకరి కోసం ఒకరు చూస్తూ కూర్చున్నారు. గబగబా ఆ పలకరింపు లైను మళ్ళీ పెట్టి, సర్వరు ఆపి నడిపించి, కిందికి పరిగెత్తి ఫోను ఎత్తాను. ఏం మార్చలేదని చెప్పిన నోటితో ఇప్పుడేం చెప్పను? ఇంకొక్కసారి ప్రయత్నించండి అంటే సరిపోయేది, కారణం చెప్పనక్కర్లేదు కూడా. ఆ బుద్ధి నాకు పుట్టలేదు. ఆయనే మళ్ళీ పిలుస్తారులే అనుకుని ఫోను పెట్టేశాను. మోడెం మళ్ళీ మోగలేదు.

సాయంత్రం మాస్టారు వచ్చారు. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయి ఉంది.

"చెరువు మీద రొయ్యల పట్టుబడి ఉందని వాళ్ళు లేచెళ్ళిపోయారమ్మా. నాదే ఎక్కడో తప్పు జరిగింది."

"మాస్టారూ..."

"నువ్వేం బాధపడకు. నీ వైపంతా బాగానే ఉందిగా. రైలు టైమయింది, వెళ్ళు."

ఆయనకు తెలిసిపోయిందనీ, నన్ను కాపాడడానికే నింద తన మీద వేసుకున్నారనీ అనుకున్నాను. మర్నాడు ఆయనే మరో ఊరి ఫోను నుంచి ప్రయత్నిస్తే ఎన్నిసార్లు పిలిచినా ప్రోగ్రాం చక్కగా నడిచింది. ఆయన సంతోషించలేదు. నిన్న ఎందుకు ఆగిందో తేలలేదుగా. కంపెనీకి ఫోను చేస్తే, పని విజయవాడ వాళ్ళకి ఇచ్చేశామన్నారు. కొన్ని నెలలకి గదులకు తాళం పడింది. మాస్టారు పల్లెకి వెళ్ళిపోయారు. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో సర్వరు గురించే అడిగితే, ఆయన చెప్పినట్టే వీధి తలుపూ గడపా అని చెప్పాను. వాళ్ళకి నచ్చింది. అన్నీ తెలిసి నన్ను క్షమించిన మనిషి ఒకరున్నారనే ధీమాతో ఆ ఏళ్ళన్నీ హాయిగా గడిపేశాను. ఒక్కసారి వెళ్ళి చూసింది లేదు.

ఆయన పోయారని ఆలస్యంగా తెలిసి వెళ్ళాను. కాంతమ్మగారు నన్ను గుర్తుపట్టి, లోపల్నుంచి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చారు. నిండా నోటు పుస్తకాలు.

"ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పమని ఎందరొచ్చి అడిగారో! 'నా తప్పేంటో నాకే దొరకలేదు, ఇంకొకళ్ళ తప్పులేం దిద్దుతాను' అనేవారమ్మా. ఇదే రాసుకుంటా కూర్చునేవారు. నీకేవన్నా అర్థవవుద్దేమో చూడు."

పుస్తకం తెరిచాను. అదే ప్రోగ్రాం. చేత్తో రాసి, లైను లైనుకీ టిక్కు పెట్టి, చివర్లో 'తప్పు కనబడలేదు' అని రాసి, తరువాతి పేజీలో మళ్ళీ మొదటినుంచి. ఆయనకి ఏమీ తెలియదు. నన్ను క్షమించడానికి నా తప్పు ఆయనకి తెలిస్తేగా!

అక్కడే కూలబడి ఏడుస్తూ కాంతమ్మగారికి అంతా చెప్పాను.

"ఆయనకి చెప్పాల్సిందమ్మా," అన్నారావిడ. "నాకు చెప్పి ఏం లాభం?"

పుస్తకాలు నన్నే తీసుకెళ్ళిపొమ్మన్నారు. ఇప్పుడవి మా ఇంట్లో, బీరువా అడుగున ఉన్నాయి. ఒక్కో పేజీ తిరగేసి అన్నీ చూశాను. ప్రతి పుస్తకంలోనూ ఆయన రాసిన క్లయింటే ఉంది. నా సర్వరు వైపు ఒక్కసారి, ఒక్క పేజీలో కూడా వెతకలేదు. నేనేం మార్చలేదని చెప్పాను కదా, ఆ మాట నమ్మారు.