జిగురు పని మా గడుగ్గాయిదే

చదువు నన్ను తొమ్మిదో తరగతిలో వదిలేసిందని లోకం అంటుంది. అబద్ధం. నేనే దాన్ని వదిలేసి, మా అన్నయ్య చెప్పుల దుకాణాన్ని ఉద్ధరించడానికి వచ్చాను. నేను కుట్టిన బూటు ఒకటి నదిలో పడి, ఏడాది తర్వాత లోపల చేప కాపురంతో సహా దొరికింది. ఒక్క కుట్టూ ఊడలేదు. ఈ మాట చెప్పినప్పుడల్లా అన్నయ్య కూతురు, "పోయినసారి మొసలి అన్నావు బాబాయ్" అని గాలి తీసేసేది. పదిహేనేళ్ల పిల్ల. అందరం గడుగ్గాయి అనే పిలుస్తాం. ఇది దాని కథ. ఇందులో చేపలు లేవు.

సోల్ అతికించే పని, ఇంటికి ఆనుకునే ఉన్న దుకాణం వెనక గదిలో జరుగుతుంది. పూసిన జిగురు మీద దుమ్ము పడితే అతుకు నిలవదు కాబట్టి ఆ గది కిటికీ ఎప్పుడూ మూసే ఉంచుతాం. కాసేపు కూర్చుంటే కళ్లు మండుతాయి, తల దిమ్మెక్కుతుంది. ఆ పనికి ఎవరూ ముందుకు రారు. అలాంటిది సెలవుల్లో గడుగ్గాయి, "నేను చేస్తా, జరగండి" అంది. బడి తెరిచాక కూడా, ఇంటికి రాగానే సంచి విసిరేసి అందులో దూరేది.

"చూడరా, దానికి పనంటే ఎంత ధ్యాసో! నువ్వూ ఉన్నావు, ఎందుకూ?" అని అన్నయ్య దెప్పాడు.

"నన్ను చూసే నేర్చుకుంది అన్నయ్యా" అన్నాను.

చెప్పులు కుట్టేవాడికి పిల్ల పనిలో దిగడం కంటే ఆనందం ఏముంటుంది? అన్నయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

జిగురు డబ్బాలు మాత్రం ఇట్టే అయిపోసాగాయి. అన్నయ్య నన్ను వెంటేసుకుని వెళ్లి అమ్మేవాడి మీద విరుచుకుపడ్డాడు.

"సగం డబ్బా గాలి నింపి అంటగడుతున్నావా?"

"సీలు తీసింది నువ్వే కదయ్యా! చెప్పులు ఏనుగులకు కుడుతున్నావేమో చూసుకో."

నేను చొక్కా చేతులు మడవగానే అమ్మేవాడు హడలిపోయి నాకు కుర్చీ వేశాడు. అన్నయ్యేమో, నేను అడిగి కూర్చున్నానంటాడు.

ఈలోగా పిల్ల చిక్కిపోయింది. ముక్కు చుట్టూ పుళ్లు, ఎర్రటి కళ్లు. "పనితో దాన్ని చంపుతున్నారు" అని వదిన మా ఇద్దరికీ అక్షింతలు వేసింది. నేను చేప కథ చెబితే పిల్ల మొసలి ఊసు ఎత్తలేదు. చూసింది గానీ, నేను కనబడినట్టు లేదు.

తర్వాత సోళ్లు ఊడిరావడం మొదలైంది. ఓ బస్సు డ్రైవరు చెప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నోరు తెరిచి నన్నే వెక్కిరిస్తోందయ్యా ఇది!"

అన్నయ్యకు తల కొట్టేసినట్టయింది. పూత సరిగ్గా వేయడం నేర్పుదామని వెనక గదిలోకి వెళ్లాడు. గడుగ్గాయి డబ్బా ఒళ్లో పెట్టుకుని, దాని మీదికి మొహం వాల్చి ఉంది. పిలిస్తే నవ్వింది. లేవమంటే కాళ్లు లేవలేదు. ఇద్దరం ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాం.

డాక్టరమ్మకు పిల్లే చెప్పింది. జిగురు వాసన పీలిస్తే మొదట తల తేలికైనట్టు హాయిగా ఉండేదట. పరీక్షల బెంగ పోయేదట. తర్వాత అది లేకపోతే నిద్రే పట్టేది కాదట.

"ఈ మత్తు ఉన్నట్టుండి గుండెను ఆపేయగలదు" అంది డాక్టరమ్మ. "ముందు ఆ జిగురును ఇంట్లోంచి తీసేయండి."

"అది తీసేస్తే మా దుకాణం నడవదమ్మా."

"పిల్ల లేకపోతే నడుస్తుందా?"

అన్నయ్య ఇంటికి రాగానే డబ్బాలన్నీ వేరే దుకాణానికి ఇచ్చేశాడు. అప్పటినుంచి కుట్టుడు చెప్పులే. అవి ఆలస్యమవుతాయి, ధర ఎక్కువ. సగం మంది రావడం మానేశారు.

పిల్ల ఊరుకోలేదు. అరిచింది, గిన్నెలు విసిరింది, నన్ను కొరికింది. ఆసుపత్రికి తిప్పుతూనే ఉన్నాం. అయినా పంక్చర్ షాపులో జిగురు ట్యూబు కొని, రెండుసార్లు మళ్లీ అదే పని చేసింది.

మొన్న మధ్యాహ్నం మళ్లీ మాయమైంది. వదిన వీధంతా వెతుకుతుండగా తనే వచ్చింది. చెమటలు కారుతున్నాయి. పిడికిలి విప్పింది. ట్యూబు, మూత తీయలేదు.

"తీసుకో నాన్నా. మళ్లీ అడిగినా ఇవ్వకు."

"ఇవ్వను."

"ఇవ్వకపోతే కొడతాను నిన్ను."

"కొట్టు తల్లీ" అన్నాడు అన్నయ్య, ట్యూబు అందుకుంటూ.