మా అన్నకు స్టూడియోవాడు తొడిగిన సూటు

మా అన్న పోయాక ఆయన బట్టలు విప్పి, నీలం రంగు పెళ్లికొడుకు సూటు తొడిగారు. అలాంటిది ఆయన తన పెళ్లిలో కూడా వేసుకోలేదు.

అన్న నేవీ ఓడలో ఇంజనీరుగా పనిచేశాడు. ఇంజన్ పక్కన నూనె మరకల పని బట్టలతో నిలబడి దిగిన ఫోటో ఒకటి ఇంట్లో ఉండేది. దశదిన కర్మ ఫ్లెక్సీ కోసం ఆయన కొడుకు దాన్ని సూర్యాపేటలో ఒక స్టూడియోకు ఇచ్చాడు. ఆ సూటు బొమ్మనే తర్వాత ఫ్రేము కట్టించి గోడకు వేశారు. నేను స్టూడియోకు వెళ్లి అడిగాను.

"తాతా, నాకు కావాల్సింది తలకాయనే. ఒళ్లు కంప్యూటర్ల రెడీగ ఉంటది. ధోతి కావాల్నంటే ధోతి ఏస్త."

"అసలు ఫోటో ఏదిరా?"

"ఎటు పోయిందో ఏమో. చెత్తల ఊడ్సినట్టున్నరు."

నేను బడిలో చదివింది మూడో తరగతి దాకే. మిగతా చదువంతా అన్న ఓడ నుంచి రాసిన ఉత్తరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదే. సంవత్సరీకం లోపల ఆ నూనె బట్టల మనిషిని మళ్లీ గోడ మీద నిలబెట్టాలని బయల్దేరాను.

కోదాడలో మా చెల్లెలు పెట్టె అడుగు నుంచి మూడు ఓడ ఫోటోలు తీసింది. రెండింటిలో మొహం మసక. మూడోదాంట్లో వీపు.

"వీపైనా అన్నయ్యదేగా, తీసుకుపో," అంది.

నేవీ నుంచి వచ్చాక అన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చాలా ఏళ్లు బాయిలర్ చూశాడు. అక్కడికీ వెళ్లాను. సేటు పాత ఫైలు దులిపి తీస్తే, నేవీ డిశ్చార్జి కాగితాల జిరాక్సు వెనక అదే ఫోటో ఇంకో కాపీ కుట్టి ఉంది!

"పాస్‌పోర్టు ఫోటో తెమ్మంటే ఇది తెచ్చిండు," అన్నాడు సేటు. "ఇంజన్ పక్కన సూస్తెనే నమ్ముతరు అన్నడు."

సేటు ఇచ్చిన ఫోటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ఆ కాగితాలతో పాటు అన్న ఇంటికి పట్టుకెళ్లాను. "ఆ పెళ్లికొడుకు ఎవడో నాకు తెల్వదు, దించు," అన్నాను.

"నాదేమున్నది చిన్నాయినా, అమ్మనడుగు," అన్నాడు కొడుకు.

వదిన ఆలోచించుకుని చెప్తానంది. ఫ్రేము అక్కడే వదిలేసి వచ్చాను. వారం తర్వాత ఫోన్ చేసింది.

"నువ్వు తెచ్చింది గోడకు పెట్టనియ్య. మిల్లుల పనిచేసినన్ని ఏండ్లు ఆ నూనె బట్టలు ఉతికింది నేను. సబ్బుకు పోకపోతే ఇటుక ముక్కతోని రుద్దిన. ఇప్పుడన్నా మంచి బట్టలల్ల ఉండనియ్యి. నీ ఫోటో, కాగితాలు బీరువాల పెట్టిన. సూడబుద్ధయినప్పుడు రా, తాళం తీస్త."