కిలో కొసరు

శంషాబాద్‌కు విమానాలు వచ్చిన కొత్తలో నేను చెప్పుల షాపులో ఉద్యోగం మానేసి, మా ఇంటి ముందు ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు పక్కన కాటా పెట్టుకుని కూర్చున్నాను. అమ్మడానికి ఏమీ లేదు. ప్రయాణికుల పెట్టెలు తూచి పంపడమే వ్యాపారం. అంతకుముందు ఎవరినో సాగనంపడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లినప్పుడు, బరువు ఎక్కువైన జనం పెట్టెలు నేల మీద విప్పి, నలుగురి ముందూ లోపలి బట్టలు ఎత్తి పచ్చడి సీసాలు వెతుక్కోవడం చూశాను. ఆ అవమానమేదో మా వాకిట్లోనే నీడపట్టున పడొచ్చు కదా అనిపించింది. "పెట్టె బరువు చూడబడును. అక్కడ పడే తిప్పలు ఇక్కడే పడండి" అని బోర్డు రాయించాను.

మా మామకు ఇది నచ్చలేదు. ఆయనకు బుద్వేల్‌లో పిండి గిర్నీ ఉంది, కొడుకులు లేరు.

"దసరా దాకా చూస్త అల్లుడా. అప్పటికి ఇల్లు నడవకుంటే నా బిడ్డను తీస్కొని వచ్చి గిర్నీల కూసో," అన్నాడు. నా కోసం అక్కడ స్టూలు కూడా కొని పెట్టాడు.

గిర్నీ గడప తొక్కితే నాకు తుమ్ములు ఆగవు. ఇల్లరికపు అల్లుడు అనిపించుకోవడమంటే అంతకంటే భయం.

బాగుపడాలంటే తెల్లవారక ముందే లేవాలని ఎవరో చెబితే, ఐదింటికే లేచి కాటా తుడిచి, నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చునేవాడిని. గిరాకీ పదకొండు దాటితే గానీ వచ్చేది కాదు. అప్పటిదాకా నన్ను నేనే తూచుకునేవాడిని. అయినా ఒక్క రోజు మానలేదు. జ్వరం వస్తే దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. నెమ్మదిగా సుమోలు ఆగసాగాయి. ఒక్కరు దుబాయ్‌కి పోతుంటే పదిమంది దిగేవారు.

కాటా మా అమ్మది. అంగడిలో ఉల్లిగడ్డలు అమ్మి నన్ను పెంచిన కాటా. బస్తాకు కిలో కొసరు ఇస్తుందని చుట్టుపక్కల ఆమెకు పేరు. ఇప్పుడు నా పక్కన కూర్చుని, పెట్టెలోంచి ఏం తీయాలో తీర్పులు చెప్పేది.

"పచ్చడి ఉండనీ బిడ్డా, ప్యాంట్లు తియ్యి. ప్యాంట్లు ఆడ దొరుకుతయి."

తీసిన సకినాలు అందరూ అక్కడే కూర్చుని తినేసేవారు, మాకూ వాటా పెట్టేవారు. మూడు నెలల్లో నేను నాలుగు కిలోలు పెరిగాను. బియ్యం, కరెంటు, పాప ఫీజు అన్నీ కాటా మీదే వెళ్లిపోతున్నాయి. గండం గట్టెక్కినట్టే అనుకున్నాను.

దసరాకు పది రోజులుందనగా మామ కాశీకి బయలుదేరాడు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. బయటి పిండి రొట్టె ముట్టడు కాబట్టి సొంత గిర్నీ పిండి వెంట పెట్టుకున్నాడు. దారిలో ఆగి, నాకు పరీక్ష పెట్టినట్టు పెట్టెను కాటా ఎక్కించాడు. ఇరవై కిలోల దాకా తీసుకుపోవచ్చు. ముల్లు సరిగ్గా ఇరవై మీద నిలబడింది.

"ఇగ పరేషాన్ లేదు మామా, ధైర్యంగ పో," అన్నాను.

గంటకు ఫోన్ వచ్చింది. "అల్లుడా, ఈడ ఇరవై ఒకటి చూపిస్తున్నది. పిండి తీస్తుంటే సంచి పలిగింది. నా ఎనక నిలబడ్డ పెద్దమనిషి తుమ్ముతనే ఉన్నడు."

"అమ్మా, కాటా ఖరాబైంది," అన్నాను.

"ఖరాబేంది? ముల్లు కిలో ఎనకకు నేనే పెట్టిన. మీ బాపు ఉన్నప్పటి సంది గట్లనే ఉన్నది. కొసరు ఇయ్యకుంటే గిరాకి మళ్ల వస్తదా?"

ఉల్లిగడ్డలు కొన్నవాడికి ఆ ముల్లు కిలో లాభం, పెట్టె మోసేవాడికి కిలో దండగ. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది కాబట్టి నాకు కనబడనే లేదు. ఇన్నాళ్లూ ఎవరూ తగువుకు రాలేదేమని తర్వాత ఒకాయన్ను అడిగాను. అమ్మ కాటా మీద నమ్మకంతో అందరూ ఎయిర్‌పోర్టు మిషన్లనే అనుమానించారట. సిగ్గుతో చచ్చిపోయాను.

దసరా నాడు మామ ఆటోలో దిగాడు. నేను బట్టలు సర్దుకుని, ముక్కుకు కట్టుకునే రుమాలుతో సహా సిద్ధంగా ఉన్నాను. ఆయన గిర్నీ నుంచి తెచ్చిన ఇరవై కిలోల ఇనుప తూకం రాయిని కాటా మీద పెట్టాడు. ముల్లు ఇరవై ఒకటి చూపించింది. నేను కళ్లు మూసుకున్నాను.

"నేనే ముందటికి జరిపిన అన్నా," అంది అమ్మ. "ఈడ ఇరవై చూపితే ఆడ పందొమ్మిదే ఉంటది. పెట్టెలోల్లకు కొసరు గిట్ల ఇయ్యాలె."

మామ రాయిని కాటా మీంచి దించాడు.

"కాశీల ఇష్టమైంది ఒకటి ఇడిచిపెట్టాలె కద," అన్నాడు. "కాకరకాయ ఇడుద్దామనుకున్న. అది నాకు ఇష్టమే లేదాయె. నిన్ను గిర్నీల కూసోబెట్టుకోవాలన్న ఆశ ఇడిచిన. ఆటోల స్టూలున్నది, దించుకో. ఎన్ని దినాలు డబ్బా మీద కూసుంటవ్?"

నాకు ఏడుపొచ్చింది. తుమ్ము వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకుని స్టూలు దించాను. దాని నిండా గిర్నీ పిండే. కూర్చోగానే నిజంగానే తుమ్మాను.