చివరి పుట మొదట

ఆదివారం ఉదయం చర్చి మొదటి గంట మోగితే చాలు, పొయ్యి మీద కాగే పాల వాసన వెనకనుంచి నాకు నీలం సిరా వాసన వస్తుంది. మొదటి గంటకూ రెండో గంటకూ నడుమ అరగంట. ఆ అరగంటలో తల దువ్వుకుంటూ వకీల్ సాబ్‌ను తలుచుకోవడం నాకు అలవాటు. ఈ రోజు మరీ గుర్తొస్తున్నారు. నిన్న పాలు పొంగిపోయినందుకు మా కోడలు సరోజను, ఆమె పుట్టింటి పెంపకం దాకా పోయి, నలుగురి ముందు అన్నాను.

ఆయన పేరు రాజలింగం. మెట్‌పల్లిలో మా పక్కిల్లు. నిజాం కాలంలో చదువులూ కోర్టులూ అన్నీ ఉర్దూలోనే కనుక తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం, చదవడం ఆయనకు రాదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, మా ప్రాంతం నుంచి శాసనసభకు ఎన్నికైన తర్వాత, యాభై దాటిన ఆ మనిషి ఒకరోజు పలక పట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు. నాకప్పుడు పదిహేడేళ్లు. బడి ముఖం చూడలేదు. అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్లోనే ప్రార్థనతో పాటు అక్షరాలు నేర్పింది. మా బాపు మిషన్ దవాఖానలో కంపౌండరు.

"బిడ్డా మార్తమ్మా, నాకు ఓనమాలు చెప్పాలె."

"నేనా పెద్దబాపూ? మీరు ఇంత పెద్ద వకీలు!"

"వకీలునే. గని నా ప్రజల అక్షరం నాకు రాదాయె. సిగ్గు నాది, సదువు నీది. చెప్పు."

అంత పెద్దమనిషి నా ముందు వంగి 'అ' దిద్దారు. ఆరు నెలల్లో పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగారు. అప్పటినుంచి ఆయన ప్రతి ప్రసంగమూ ముందు మా అరుగు మీదే జరిగేది. ఆయన చెప్పేవారు, నేను విడి కాగితాల మీద నీలం సిరాతో రాసిచ్చేదాన్ని. ఒకసారి బడ్జెట్ ప్రసంగం అంతా చెప్పి, బియ్యంలో రాళ్లేరుతున్న నన్ను అడిగారు.

"ఏం సమజైంది?"

"ఏం సమజ్ కాలే పెద్దబాపూ."

"నీకే సమజ్ కాకుంటే మంత్రికేం సమజైతది?" అని పగలబడి నవ్వారు. "సరే, సర్కారు ఖర్చు గురించి నువ్వైతే ఏమడుగుతవు?"

మధ్యాహ్నానికల్లా దవాఖానలో దూది అయిపోతుందనీ, కాన్పుకొచ్చిన ఆడవాళ్లు తమ చీర కొంగులే చింపి ఇస్తారనీ చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. కాగితాలన్నీ పక్కన పెట్టి, సభలో ఆ చీర కొంగు గురించే మాట్లాడారట. బియ్యం ఏరుకునే పిల్ల మాట అంత పెద్ద సభలో పలికిందంటే, దేవునికి స్తోత్రం చెప్పుకోవడం తప్ప నాకేమీ తోచలేదు.

అలాంటి మనిషి ఒక తప్పు చేశారు. భైంసా వైపు సభ్యుడు దేవ్‌రావు, అడవి పందులు పంటను బతకనివ్వడం లేదనీ, రైతులకు తుపాకి లైసెన్సులు ధారాళంగా ఇవ్వాలనీ సభలో అడిగాడు. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య తర్వాత ఠాణా ముందు కట్టెల మోపుల్లా పడేసిన తుపాకులను కళ్లారా చూసిన వకీల్ సాబ్‌కు ఆ మాటంటేనే వణుకు. పంది కోసం ఊళ్లోకొచ్చిన తుపాకి పందితో ఆగదని ఆయన వాదించారు. అక్కడితో ఆగితే బాగుండేది. "పంట కాపలా అంటే ఏమిటో ఈయన ఇంట్లో ఎవరికైనా తెలుసా?" అని కూడా అన్నారు. సభంతా నవ్వింది. దేవ్‌రావు తమ్ముడు జొన్నచేను కాపలాలో పంది పొడిచి చనిపోయాడని నెల తర్వాత భైంసా పత్తి వ్యాపారి ఒకడు చెప్పేదాకా ఆయనకు తెలియదు.

ఆ రోజు మా అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నారు. "ఇంటికి పోయి మాఫీ అడుగుండ్రి అన్నా" అంది అవ్వ.

"లేదు చెల్లే. సభల అన్న మాట సభల్నే వాపస్ తీసుకోవాలె. అందరి ముంగట కొట్టి, చాటుకు పోయి కాళ్లు మొక్కుతనా?"

కానీ సమావేశాలు వచ్చాయి, పోయాయి. ప్రతిసారీ లేవబోయి మళ్లీ కూర్చునేవారట. ఇంతలో దేవ్‌రావుకు జబ్బు చేసింది, ఇక ఎన్నికల్లో నిలబడడని తెలిసింది. వెళ్లిపోయే సభ్యులకు వీడ్కోలు చెప్పే రోజే ఆఖరి అవకాశం.

ఆ ప్రసంగాన్ని నాలుగు రోజులు నాకు చెప్పి రాయించారు. ముందు దేవ్‌రావు వేయించిన రోడ్లు, అతని మరాఠీ హాస్యం, అన్నీ వచ్చాయి. చివరికి, "గీ ముచ్చట కొత్త పుటల రాయి బిడ్డా" అని గొంతు తగ్గించి క్షమాపణ చెప్పారు. ఇది గొప్ప ప్రసంగమని, ఈసారి నేను కాగితాలను దారంతో పుస్తకంగా కుట్టి ఇచ్చాను.

హైదరాబాదు నుంచి తిరిగొచ్చి, చెప్పులైనా విడవకుండా మా అరుగెక్కారు.

"ఏమైందన్నా?" అన్నాడు బాపు.

"ఏం చెప్పాలె? లేచి నిలబడ్డ. పుస్తకం ఉర్దూ కితాబు లెక్క కుడి దిక్కు నుంచి తెరిచిన! యాభై ఏండ్ల అలవాటాయె. ఎదురుంగ ఆఖరి పుట, దాంట్ల ఏముంది? 'దేవ్‌రావ్ గారూ, నేను మీకు అన్యాయం చేసిన' అని ఉంది. చదివేసిన!"

నాకు ప్రాణం పోయినంత పనైంది. విడి కాగితాలే ఇచ్చి ఉంటే ఇలా జరిగేది కాదు.

"రెండు ముక్కలు చదివినంక తెలిసింది. మొదటికి తిప్పుదామనుకున్న. గప్పుడు దేవ్‌రావు మొఖం చూసిన. తిప్పలేకపోయిన. గా పుట మొత్తం చదివిన. ఆయన బెంచి పట్టుకుని లేచిండు. మరాఠీల అన్నను పిలిచినట్టు 'అరే భావూ, గా మాట నేను ఆనాడే ఇడిచిపెట్టిన. నువ్వే మోస్తున్నవు ఇన్నేండ్లు' అన్నడు."

"మరి ముందటి పుటలు?" అని అడిగాను నేను, ఏడుపు ఆపుకుంటూ.

"ఎక్కడి పుటలు బిడ్డా! సభాపతి గంట కొట్టిండు. ఒక్కొక్కరికి రెండే నిమిషాలట. ముందటి నుంచి చదివితే రోడ్ల కాడ్నే ఆగిపోదును." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏడుస్తవేంది? నువ్వు కుట్టకుంటే నేను మాఫీ అడగకుండనే వాపస్ వద్దును."

అవ్వ అక్కడే మోకరించింది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. నా కుట్టునూ, ఆయన పాత అలవాటునూ ఒకచోట కలిపిన చేయి ఎవరిదో మాకు తెలుసు. కానీ పుట తిప్పకుండా నిలబడింది మాత్రం ఆయనే. సభంతా చూస్తుండగా అలా నిలబడ్డ మనిషిని తలుచుకుంటే, ఇన్నేళ్లయినా నా ఒళ్లు జలదరిస్తుంది.

ఆ పుస్తకం ఇప్పుడు నా పెట్టెలో ఉంది. ముందటి పుటలు కొత్తవిలాగే ఉన్నాయి. చివరి పుట అంచు మాత్రం ఆయన బొటనవేలి చెమటకు మాసింది. నా ప్రార్థన కూడా ఆ తర్వాత మారింది. స్తుతులూ కోరికలూ అయ్యాక నా తప్పుల ఒప్పుకోలు చెప్పేదాన్ని, ఇప్పుడు దాన్నే ముందు చెబుతాను.

దువ్వెన పక్కన పెట్టాను. వంటింట్లో ఉన్నది సరోజ ఒక్కతే కాదు. నిన్న నా మాటలు విన్న నా కూతురు ఉంది, పక్కింటావిడ ఉంది. మంచిదే. రెండో గంట ఇంకా మోగలేదు.

"సరోజా," అన్నాను, గడప దాటకముందే, "నిన్న నేను తప్పు మాట్లాడిన బిడ్డా."